వన్యప్రాణి నిర్వహణలో పీజీ: అడవితో పాటు లెక్కలు

వన్యప్రాణి నిర్వహణలో పీజీ చేయాలనుకునేవారికి అడవి మీద ప్రేమ ఎంత అవసరమో, గణాంకశాస్త్రం మీద ఓపిక కూడా అంతే అవసరమని నేను గట్టిగా నమ్ముతున్నాను. 1933లో అమెరికా అటవీ శాస్త్రవేత్త ఆల్డో లియోపోల్డ్ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి చేపట్టి బోధించిన ఈ శాస్త్రంలో, కంటపడని జంతువులను లెక్కించడం ఎలా అన్నదే విద్యార్థికి ముందుగా ఎదురయ్యే ప్రశ్న.

ఒక చెరువులో 40 తాబేళ్లను పట్టి, డిప్ప అంచున చిన్న గుర్తు పెట్టి వదిలేశామనుకుందాం. కొన్నాళ్లకు మళ్లీ 50 పడితే, వాటిలో 10 గుర్తున్నవి కనిపిస్తే, అంటే ఐదో వంతు గుర్తున్నవే అయితే, చెరువులో మొత్తం సుమారు 200 ఉంటాయని అంచనా వేస్తాం. అయితే ఈలోగా కొత్తవి వచ్చి చేరకూడదు, గుర్తు చెరిగిపోకూడదు, ఒకసారి పట్టుబడినది వలకు బెదిరి తప్పించుకు తిరగకూడదు. ఈ షరతులు ఎక్కడ తప్పాయో వెతకడంలోనే పరిశోధన కాలం చాలావరకు గడుస్తుంది. నాకు ఈ చదువులో అన్నిటికంటే ఇష్టమైనది ఆ వెతుకులాటే.

పులులకైతే చారలే గుర్తులు. కుడిపక్క చారలు ఎడమపక్క వాటితో కలవవు గనుక దారికి ఇరువైపులా ఎదురెదురుగా కెమెరాలు అమర్చాలి.

చేరేముందు కోర్సు పేరుకన్నా, మీ పరిశోధనకు మార్గదర్శకులుగా ఉండబోయేవారు విద్యార్థులను క్షేత్రానికి ఎంత తరచుగా పంపుతారో కనుక్కోండి.