అద్దం మీది తువ్వాలు

నా పెద్దపేగు తీసేసి రెండేళ్లయింది. పెద్దపేగులో పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్ జబ్బుతో ఏళ్ల తరబడి నెత్తురు పోయింది. చివరికి మందులు పనిచేయక ఆపరేషన్ చేశారు. చిన్నపేగు కొసను పొట్ట కుడివైపు నుంచి బయటికి తెచ్చి చర్మానికి కుట్టారు. దాన్నే స్టోమా అంటారు. దాని మీద మలం పట్టే సంచి. నొప్పి పోయింది, ఒళ్లు చేశాను, అందరూ సంతోషించారు.

నేను మాత్రం స్నానాల గదిలో అద్దానికి తువ్వాలు కప్పి ఉంచేదాన్ని.

సంచి మార్చేటప్పుడు చూడక తప్పదు కదా అంటారు. ఆ చూపు వేరు. మొదటి వారాల్లో వాపు తీసి స్టోమా చిన్నదవుతూ ఉంటుంది. ప్రతిసారీ కొలత చూసుకుని, చర్మానికి అంటించే ప్లేటులో ఆ మేరకు కత్తెరతో రంధ్రం చేసుకోవాలి. కాస్త పెద్దదైతే చుట్టూ చర్మం ఒరుసుకుపోతుంది. మిల్లీమీటర్లు చూశాను గాని, నా ఒంటిని చూసుకోలేదు. నర్సు ‘గులాబీ మొగ్గలా ఉంది చూడండి’ అన్నప్పుడు ఒళ్లు మండింది. మొగ్గేమిటి? బుగ్గ లోపలి వైపు ఎలా ఉంటుందో అలా ఉంటుంది, ఎర్రగా, తడిగా. ముట్టుకున్నా నొప్పి తెలియదు.

బొమ్మల పుస్తకాలు తిరగేయడం నాకు పాత అలవాటు. నున్నటి పాలరాతి పొట్టలు ఇప్పుడు నాకు పనికిరాలేదు. అమెరికన్ చిత్రకారిణి ఆలిస్ నీల్ 1970లో వేసిన, తోటి చిత్రకారుడు ఆండీ వార్హోల్ రూపచిత్రం దగ్గర ఆగిపోయాను. వార్హోల్ 1968లో తూటాలు తగిలి, పెద్ద ఆపరేషన్‌తో బతికి బయటపడ్డ మనిషి. చొక్కా లేకుండా కూర్చున్నాడు. ఒంటి మీద అడ్డదిడ్డంగా గాట్లు, జారిన రొమ్ము, పొట్టకు దన్నుగా నడికట్టు. కళ్లు మూసుకున్నాడు. కూర్చున్న సోఫాను ఆవిడ వట్టి గీతలతో వదిలేసింది, గాట్లను వదల్లేదు. అందంగా చూపలేదు, జాలీ పడలేదు. అలాంటి నడికట్టు నా అల్మరాలోనూ ఉంది.

ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ కూడా 1941లో క్యాన్సర్‌కు పొట్ట కోయించుకున్నవాడే. 1952లో రంగు పూసిన కాగితాన్ని కత్తిరించి నీలి నగ్న స్త్రీల బొమ్మలు చేశాడు. ముక్కల మధ్య తెల్లటి సందులుంటాయి. మోకాలు మడిచినట్టు, చెయ్యి తల వెనక్కి వెళ్లినట్టు తెలిసేది ఆ సందుల వల్లే. ప్లేటు కత్తిరిస్తూ ఎన్నిసార్లు ఆ బొమ్మలు గుర్తొచ్చాయో.

ఒక ఉదయం తువ్వాలు తీసి, సంచి కూడా తీసేసి, అద్దం ముందు స్టూలు వేసుకుని పెన్సిల్ పట్టాను. పొట్ట మీది నిలువు గాటు బొడ్డు దాకా తిన్నగా వచ్చి, దాన్ని చుట్టి పక్కగా దిగుతుందని అప్పుడే తెలిసింది. బొడ్డును కాపాడాలని ఎవరో అంత శ్రద్ధ తీసుకున్నారు! ఆ వంపు బాగా కుదిరింది. స్టోమా మాత్రం కుదరలేదు. పేగు కదా, ఒక్క క్షణం నిలకడగా ఉండదు, ముడుచుకుంటుంది, మళ్లీ విచ్చుకుంటుంది. మూడుసార్లు చెరిపాను. నాలుగోసారి గీస్తుండగా అది తన పని మొదలుపెట్టింది. కాగితం పక్కన పడేసి, చేతికందిన ఆ తువ్వాలే అడ్డం పెట్టుకున్నాను.