శుభమస్తులో ఒత్తు పోయింది

తణుకులో మాది చిన్న డీటీపీ సెంటరు. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, దినం కార్డులు, ఫ్లెక్సీ డిజైన్లు నా పని. పక్క టేబుల్ మీద జిరాక్స్ మిషన్ మా ఆవిడ చూసుకుంటుంది. నా కంప్యూటర్ 2019లో అసెంబుల్ చేయించింది. ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. అందులో 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 అనే పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్, దానికి తోడుగా ఒక పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్. ఆ సాఫ్ట్‌వేర్ నడవాలంటే యూఎస్‌బీకి డాంగిల్ అనే, పెన్‌డ్రైవ్ లాంటి ఒక తాళం పెట్టి ఉంచాలి. ఈ లైన్‌లో ఉన్నవాళ్లకు డాంగిల్ విలువ చెప్పక్కర్లేదు. అది పోతే సాఫ్ట్‌వేర్ మళ్లీ కొనుక్కోవాల్సిందే. అందుకే రోజూ రాత్రి షాపు తాళాలతో పాటు దాన్ని కూడా జేబులో వేసుకుని ఇంటికి వెళ్తాను.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. మా షాపుకు వచ్చేవాళ్లు ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు వాట్సాప్‌లో పంపి ప్రింట్ తీయించుకుంటారు. పదిమంది కాగితాలు అప్‌డేట్లు లేని మిషన్లో పెట్టుకోవడానికి మనసొప్పలేదు. పేరు నమోదు చేసుకుంటే ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ 13 వరకు అప్‌డేట్లు తీసుకునే దారి ఉందని నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిస్తే మూఢంలో తీరిగ్గా చేసుకునేవాణ్ణి. నవంబర్ నెలాఖరుకు మూఢం వస్తోందని, ఈలోపే పెళ్లిళ్లు కానిచ్చేయాలని జనం తొందర పడుతున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే నేను విండోస్ 11కి మారే పని నెత్తికెత్తుకున్నాను.

మన కంప్యూటర్ విండోస్ 11కి పనికొస్తుందో లేదో చూసి చెప్పే చిన్న ప్రోగ్రామ్ ఒకటి ఉంది, పీసీ హెల్త్ చెక్ అని. అది పనికిరాదు పొమ్మంది. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కనబడటం లేదట, నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ లేచేలా చూసే సెక్యూర్ బూట్ లేదట. టీపీఎం సంగతి సులువుగానే తేలింది. ఇంటెల్ బోర్డుల్లో దాన్ని పీటీటీ అంటారు, బయోస్‌లో, అంటే విండోస్ లేవకముందు తెరిచే సెట్టింగుల్లో, ఆఫ్ చేసి ఉంది, ఆన్ చేశాను. చిక్కంతా సెక్యూర్ బూట్ దగ్గర వచ్చింది. అసెంబుల్ చేసిన కుర్రాడు అప్పట్లో విండోస్‌ను పాత లెగసీ పద్ధతిలో ఎక్కించాడు. సెక్యూర్ బూట్‌కు యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతి కావాలి. అంతేకదా అని బయోస్‌లో లెగసీ తీసేసి యూఈఎఫ్ఐ పెట్టాను. నల్లటి స్క్రీన్ మీద, బూట్ అవడానికి డిస్కే లేదని ఒక లైను వచ్చి ఆగిపోయింది. చేతులు చల్లబడ్డాయి. వెనక్కి లెగసీ పెడితే మళ్లీ మామూలుగా లేచింది, బతికిపోయాను.

జరిగిందేంటంటే, నా డిస్కు ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో విభజించి ఉంది. యూఈఎఫ్ఐలో విండోస్ లేవాలంటే అది జీపీటీ అనే కొత్త పద్ధతిలో ఉండాలి. ఫార్మాట్ చేయకుండా ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చడానికి విండోస్‌లోనే ఎంబీఆర్‌టూజీపీటీ అనే కమాండ్ ఉంది. దాన్ని ముందు వ్యాలిడేట్ అని పెట్టి నడిపితే మార్చడం వీలవుతుందో లేదో చెబుతుంది, డిస్కును మాత్రం ముట్టుకోదు. నాకు వీలుకాదంది. ప్రైమరీ పార్టిషన్లు, అంటే డిస్కులోని ముఖ్య భాగాలు, మూడుకు మించి ఉంటే అది ఒప్పుకోదు, నాకు నాలుగున్నాయి. నాలుగోది డి డ్రైవ్. ఆరేళ్ల కస్టమర్ల ఫైళ్లు అందులోనే. మొత్తం బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, అక్కడ అరడజను ఫైళ్లు తెరిచి చూసుకుని, అప్పుడు డి డ్రైవ్ తీసేశాను. ఈసారి ఒప్పుకుంది. డిస్కు జీపీటీ అయ్యాక బయోస్‌లో యూఈఎఫ్ఐ పెడితే కిక్కురుమనకుండా లేచింది.

నవంబర్ 1, శనివారం రాత్రి షట్టర్ సగం దించి అప్‌గ్రేడ్ మొదలుపెట్టాను. పదకొండున్నరకు విండోస్ 11 వచ్చేసింది. ఫైళ్లు, ఫాంట్లు, పేజ్‌మేకర్ ఐకాన్, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. సెక్యూరిటీ పేజీలో మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ ఆఫ్‌లో ఉందని పసుపు గుర్తు కనబడితే, ఎలాగూ సెక్యూరిటీ కోసమే కదా ఈ తిప్పలు అని అదీ ఆన్ చేసేశాను. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఆదివారం పొద్దున్న డాంగిల్ పెట్టి టైపింగ్ సాఫ్ట్‌వేర్ నొక్కితే, డాంగిల్ దొరకలేదని మెసేజ్. వేరే యూఎస్‌బీ పోర్టులో పెట్టాను, అదే మాట. డివైజ్ మేనేజర్‌లో దాని పేరు పక్కన పసుపు త్రికోణం. సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన సీడీ వెతికి, దుమ్ము తుడిచి, అందులోని డ్రైవర్, అంటే డాంగిల్‌ను విండోస్‌కు పరిచయం చేసే ప్రోగ్రామ్, వేశాను. ఈ పరికరానికి డ్రైవర్ లోడ్ కాదని ఇంకో మెసేజ్. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ల నంబరుకు ఫోన్ చేస్తే ఆదివారం ఎవరూ ఎత్తలేదు.

సరిగ్గా అప్పుడే వేల్పూరు నుంచి ఒకాయన వచ్చారు. కూతురి పెళ్లి. మూడు వందల కార్డులు.

"బుధవారం కార్తీక పౌర్ణమి కదండీ, ఆ రోజు మొదటి కార్డు దేవుడి దగ్గర పెట్టి పంచడం మొదలెడదామని. మంగళవారం సాయంత్రానికి ఇచ్చేస్తారుగా?"

"ఇచ్చేస్తానండి" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు.

మధ్యాహ్నం మా అక్క కొడుకు వచ్చాడు. భీమవరంలో బీటెక్ చదువుతున్నాడు. వాడికి డాంగిల్ సంగతి తెలీదు కానీ, తెలుగు రావడం లేదు అన్న ముక్క ఒక్కటే చెవిన పడింది. కంట్రోల్ ప్యానెల్ తెరిచి, రీజియన్‌లో అడ్మినిస్ట్రేటివ్ ట్యాబ్‌కు వెళ్లి, ఛేంజ్ సిస్టమ్ లొకేల్ నొక్కాడు. అక్కడ బీటా అని రాసి, ప్రపంచ భాషలన్నింటి కోసం యూనికోడ్ యూటీఎఫ్-8 వాడండి అనే అర్థం వచ్చే గడి ఒకటి ఉంది. ప్రతి భాషలో ప్రతి అక్షరానికీ సొంత నంబరు ఇచ్చే పద్ధతి యూనికోడ్, ఆ నంబర్లను కంప్యూటర్లో రాసే ఒక లెక్క యూటీఎఫ్-8. ఆ గడికి టిక్ పెట్టి రీస్టార్ట్ చేశాడు.

"మావయ్యా, యూనికోడ్ అంటేనే అన్ని భాషలూ కదా. ఇది లేకపోతే తెలుగు ఎలా వస్తుంది?"

వాడి మాటలో తప్పేముంది? ఆ గడి మీద రాసింది చదివితే నేనైనా టిక్ పెడతాను. డాంగిల్ మాత్రం పలకలేదు. వాడు బస్సెక్కి వెళ్లిపోయాడు. నేను ఆ టిక్ సంగతే మర్చిపోయాను.

రాత్రి భోజనం దగ్గర, వెనక్కి వెళ్లిపోదామా అన్న ఆలోచన వచ్చింది. అప్‌గ్రేడ్ చేసిన పది రోజుల లోపు రికవరీ పేజీలో గో బ్యాక్ నొక్కితే పాత విండోస్ వచ్చేస్తుంది. పాతదంతా విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లో దాచి ఉంటుంది. స్థలం చాలడం లేదని డిస్క్ క్లీనప్‌లో దాన్ని తుడిచేస్తే ఆ దారి మూసుకుపోతుంది. నేనింకా తుడవలేదు. "వెళ్లినా మళ్లీ ఎప్పుడో ఇదంతా పడాల్సిందేగా" అంది మా ఆవిడ, మజ్జిగ పోస్తూ. సరే, పదో రోజు దాకా టైముంది, చూద్దాం అనుకున్నాను.

సోమవారం తెల్లారుతూనే, అదీ కార్తీక సోమవారం, షాపు తెరిచి డాంగిల్ పనే పట్టుకున్నాను. డివైజ్ మేనేజర్‌లో దాని ప్రాపర్టీస్, అందులో డీటెయిల్స్, అందులో హార్డ్‌వేర్ ఐడీలు చూస్తే ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు పట్టుకుని వెతికితే తేలింది, డాంగిల్ తయారుచేసింది తెలుగు సాఫ్ట్‌వేర్ వాళ్లు కాదు. ఇలాంటి తాళాలు చేసి అందరికీ అమ్మే వేరే కంపెనీ. వాళ్ల సైట్లో విండోస్ 11కి సరిపడే కొత్త డ్రైవర్ ఉచితంగా ఉంది. ఇన్నేళ్లూ నేను ఒకే కంపెనీ వస్తువు అనుకుంటున్నాను. సీడీలో ఉన్నది ఏనాటిదో పాత డ్రైవర్. అలాంటివాటిని మెమరీ ఇంటెగ్రిటీ లోపలికి రానివ్వదు. శనివారం రాత్రి ఉత్సాహంగా నేనే ఆన్ చేసిన ఆ స్విచ్చే నా సీడీని గుమ్మం దగ్గర ఆపింది. ఎదురు షాపు కుర్రాడు దాన్ని ఆఫ్ చేసేయమన్నాడు. చేస్తే పాత డ్రైవర్ ఎక్కేదేమో కానీ, ఎందుకోసం ఇంత చేశానో అదే పోతుంది. కొత్త డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేశాను. డాంగిల్‌లో ఎర్ర లైటు వెలిగింది. టైపింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది.

సంబరంగా పాత శుభలేఖ ఒకటి పేజ్‌మేకర్‌లో తెరిచాను. పైన శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు అని మూడు మాటలుండాలి. శుభమస్తు కాస్తా శుభమసు అయి కూర్చుంది. శ్రీరస్తులో మొదటి అక్షరం చోట ఉత్త డబ్బా. కింద ముహూర్తం, కల్యాణం, ఆహ్వానం అన్నీ కాళ్లు విరిగినట్టున్నాయి. విచిత్రం ఏమిటంటే సగం అక్షరాలు బాగానే ఉన్నాయి. ఫాంటే పోతే అంతా ఇంగ్లిష్ గజిబిజి కావాలి కదా, సగం ఎలా బాగుంటాయి?

ఫాంట్లు తీసి మళ్లీ వేశాను. పేజ్‌మేకర్ మళ్లీ వేశాను. కంపాటిబిలిటీలో విండోస్ 7 అని పెట్టి చూశాను. సిస్టమ్ ఫైళ్లు సరిచూసే కమాండ్ నడిపాను, అన్నీ సవ్యంగా ఉన్నాయని చెప్పింది. సాయంత్రం దాకా ఇదే. మధ్యలో పాత డిజైన్లు ఉంచుకునే నెట్‌వర్క్ డ్రైవ్ కూడా తెరుచుకోలేదు. దానికి పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా వాడేవాణ్ణి, ఇప్పటి విండోస్ 11 ప్రో అలా ఒప్పుకోదు. డ్రైవ్ సెట్టింగుల్లో ఒక యూజర్, పాస్‌వర్డ్ పెట్టుకుంటే పావుగంటలో అయిపోయింది. ఆ రోజు నేను పూర్తిచేసిన పని అదొక్కటే.

రాత్రి ఎనిమిదికి భయం పట్టుకుంది. వేల్పూరాయన మ్యాటర్ వాట్సాప్‌లో పంపారు. ఎందుకైనా మంచిదని దాన్నలాగే లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేసి, పైన మాటలకు రామభద్ర, మ్యాటర్‌కు మండలి ఫాంటు పెట్టాను. రెండూ ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంట్లే. ఒక్క ఒత్తూ పోలేదు. ఒక ప్రూఫ్ తీసి పక్కన పెట్టాను. అప్పుడే బుర్రలో ఏదో మెదిలింది. యూనికోడ్ తెలుగు బాగుంది, పాత ఫాంట్ల తెలుగే చెడింది. అంటే రోగం ఫాంటుది కాదు, ఆ రెండింటికీ మధ్య తేడాలో ఎక్కడో ఉంది.

మంగళవారం పొద్దున్నే పెన్‌డ్రైవ్‌లో ఆ ఫైలు వేసుకుని తాడేపల్లిగూడెం బస్సెక్కాను. అక్కడ నాకు పని నేర్పిన మాస్టారు ఉన్నారు. ఆయనదీ అదే సాఫ్ట్‌వేర్, ఆయన ల్యాప్‌టాప్‌లోనూ విండోస్ 11. ఫైలు తెరిచారు. శుభమస్తు నిండుగా ఉంది.

"ఏరా, ఇందులో బానే ఉందిగా. నీ మిషన్లో ఏదో కెలికావు."

"ఏమీ కెలకలేదు మాస్టారూ" అన్నాను. అంటూనే మేనల్లుడి టిక్ గుర్తొచ్చింది. ఆయన ల్యాప్‌టాప్‌లో రీజియన్ తెరిచి చూశాం. ఆ గడి ఖాళీగా ఉంది. షాపుకు ఫోన్ చేసి మా ఆవిడ చేత ఆ టిక్ తీయించి, రీస్టార్ట్ చేయించాను. ఫైలు తెరవమంటే, "డబ్బాలు లేవు, అన్నీ ఉన్నాయి" అంది.

తిరుగు బస్సులో కూర్చున్నాక లెక్క అర్థమైంది. మన పాత డీటీపీ ఫాంట్లలో నిజానికి తెలుగు అక్షరాలుండవు. ఇంగ్లిష్ ఎ, బి, సి ఉండాల్సిన చోట్ల తెలుగు బొమ్మలు పెట్టి ఉంటాయి. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, గుర్తులకు 127 వరకు ఉన్న నంబర్లు సరిపోతాయి. మనకు ఒత్తులు, గుణింతాలు కలిపి అవి చాలవు కనుక, 128 నుంచి 255 వరకు ఉన్న చోట్లు కూడా వాడుకున్నారు. పాత ప్రోగ్రాములు ఒక్కో నంబరును ఒక్కో బైటుగా చదువుతాయి. ఆ టిక్ పెడితే విండోస్ వాటికి యూటీఎఫ్-8 లెక్క అంటగడుతుంది. అందులో 127 వరకు మార్పు లేదు, ఆపైన ఒంటరి బైటుకు అర్థమే లేదు. అందుకే సగం బతికాయి, సగం డబ్బాలయ్యాయి. నా ఫాంటులో ఒత్తులన్నీ ఎక్కువగా పై సగంలోనే ఉన్నాయన్నమాట.

మధ్యాహ్నం కూర్చుని అదే కార్డు పేజ్‌మేకర్‌లో, ఇరవై ఏళ్లుగా అందరూ చూస్తున్న పాత ఫాంటులో మళ్లీ కట్టాను. నాలుగున్నరకు వేల్పూరాయన వచ్చారు. టేబుల్ మీద సోమవారం రాత్రి ప్రూఫ్, ఇప్పటి ప్రూఫ్ పక్కపక్కనే ఉన్నాయి. కళ్లజోడు సవరించుకుని రెండూ చదివారు. పెళ్లికూతురి పేరు మీద వేలు పెట్టి చూశారు.

"ఇదే వేసేయండి, అక్షరం గుండ్రంగా బాగుంది" అని రామభద్రలో ఉన్నదాన్ని నా వైపు జరిపారు.

మా ఆవిడ జిరాక్స్ మిషన్ వెనక నుంచి నా మొహం చూసి నవ్వుతోంది. నేను లిబ్రేఆఫీస్ తెరిచి, మూడు వందలు అని కొట్టాను.