బట్టలెక్కడ ఆరేస్తారు?

ప్లాన్ కాగితాలు తిప్పి తిప్పి చూశాను. జిమ్ ఉంది, పైన డాబా మీద కెఫే ఉంది, కింద సెల్ఫీలు దిగడానికో గోడ కూడా ఉంది. బట్టలు ఆరేసుకునే చోటు మాత్రం ఎక్కడా కనపడలేదు.

భీమవరంలో ఒక కాలేజీ పక్కన విద్యార్థుల కోసమే కడతామంటున్న ప్రైవేటు అపార్ట్‌మెంటు సంగతి ఇది. స్టిల్ట్ (కింద స్తంభాల మధ్య పార్కింగు) మీద అయిదంతస్తులు, అంతస్తుకి ఎనిమిది డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్లు, గదికి ముగ్గురు పిల్లలు. కొన్నవాళ్లకి మూడేళ్లు అద్దె గ్యారంటీ అంటున్నారు. మా తమ్ముడు ఒకటి తీసుకుందామని ఉబలాటపడుతున్నాడు. "అన్నేళ్లు లేడీస్ హాస్టల్ వార్డెన్‌గా చేశావు, నీకు తెలీందేముందక్కా, ఓసారి చూసిపెట్టు" అని కాగితాలు నా చేతిలో పెట్టి వెళ్లాడు.

బాగున్నవి ముందు చెప్పేస్తాను. కాలేజీ గేటుకి నడిచి వెళ్లిపోవచ్చు. చీకటిపడ్డాక ఆడపిల్ల ఆటో కోసం రోడ్డు మీద నిలబడక్కర్లేదు. ప్రతి గదికీ బయటి గోడలో కిటికీ ఉంది. 1980లో ఎస్సార్కేఆర్ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చిన ఊరు ఇది. పెరట్లో రేకుల షెడ్డుకి మధ్యలో ప్లైవుడ్ కొట్టి రెండు గదులని విద్యార్థులకి అద్దెకిచ్చినవాళ్లని చూశాను కాబట్టి ఆ కిటికీ విలువ నాకు తెలుసు.

ఇక నీళ్లు. నలభై ఫ్లాట్లు, ఫ్లాటుకి ఆరుగురు, మొత్తం 240 మంది. మనిషికి రోజుకి 135 లీటర్లని నేషనల్ బిల్డింగ్ కోడ్ లెక్క. అంటే 32,400 లీటర్లు. ప్లాన్లో సంప్ (నేలలోపలి నీళ్ల ట్యాంకు) 20,000 లీటర్లది. తలకి షాంపూ పెట్టుకున్నాక కుళాయి తిప్పితే నీళ్లు రాని పిల్ల ఎంత గట్టిగా అరుస్తుందో వార్డెన్‌ని అడగాలి. పైగా వేసవిలో కాలువలు కట్టేస్తారు. మళ్లీ వదిలేదాకా చెరువుల్లో పట్టుకున్న నీళ్లే ఊరందరికీ గతి. బోరు వేస్తే ఉప్పునీళ్లు. వాటితో తల రుద్దుకుంటే జుట్టు పీచులా తయారవుతుంది, గీజర్లు ఊరికే పోతాయి. బ్రోచర్లో "24 గంటల నీరు" అని పెద్దక్షరాలతో వేశారు గానీ, ఏ నీళ్లో వేయలేదు.

మా ఆయన ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు. ఆయన సెప్టిక్ ట్యాంకు బొమ్మ దగ్గరే ఆగిపోయారు. "వాడిన నీళ్లలో నూటికి ఎనభై వంతులు మురుగేనే. రోజుకి దగ్గర దగ్గర 26,000 లీటర్లు. ఈ నల్లమట్టి పీలుస్తుందా?" అన్నారు. వానాకాలంలో మన దగ్గర రెండడుగులు తవ్వితే నీళ్లు ఊరుతుంటాయి, ఇక సోక్ పిట్‌లో (మురుగునీళ్లు ఇంకే గోతిలో) ఇంకేదేంటి? వీధి కాలువలోకి వదలాల్సిందే, అది పోయి యనమదుర్రు డ్రెయిన్లో కలవాల్సిందే. ఆ డ్రెయిన్ వంతెన మీద ముక్కు మూసుకోకుండా వెళ్లేవాళ్లు ఇప్పటికే తక్కువ. ఇంతమందిని పెట్టేటప్పుడు మురుగు శుద్ధి చేసే చిన్న ప్లాంటైనా కట్టాలి. కెఫే తీసేస్తే ఆ డబ్బు వస్తుంది.

స్థలం ఒకప్పుడు చేపల చెరువు. రోడ్డు కంటే నాలుగడుగులు మెరక చేస్తారట. వెనక వీధిలోవి పాత పెంకుటిళ్లు. రెండు రోజులు ముసురు పట్టిందంటే ఈ మెరక మీది నీళ్లన్నీ వాళ్ల గుమ్మాల్లోకే. దాని గురించి ప్లాన్లో ఒక్క గీత లేదు. పూడ్చిన చెరువు కాబట్టి పైల్స్ (పునాది కింది స్తంభాలు) ఎంత లోతుకి దించుతారో, సాయిల్ టెస్ట్ రిపోర్టు ఉందో లేదో అడగమన్నారు మా ఆయన.

ఎత్తు ఒక హద్దు దాటితే హైరైజ్ కింద లెక్కేసి గట్టి నిబంధనలు పెడతారు. అందుకని ఆ లోపే సరిపెట్టారు. అది తప్పని నేననను, అందరూ చేసేదే. కానీ నిప్పంటుకుంటే దిగడానికి 240 మందికి ఒక్కటే మెట్లదారి, అదీ లిఫ్టుని చుట్టుకుని ఉంది. ప్రతి ఫ్లాట్లోనూ గ్యాస్ పొయ్యి. స్టిల్ట్‌లో వరసగా కార్ల గళ్లు గీశారు. పిల్లలకి కార్లెక్కడివండీ? బైకులు తెస్తారు, గళ్లు నిండాక మెట్ల కింద పెడతారు.

బట్టల దగ్గరికొస్తాను. బాల్కనీ మూడడుగులు, అందులో సగం ఏసీ బయటి యూనిట్‌కి పోయింది. ఆరుగురు పిల్లలు, ఆదివారం ఒక్కొక్కళ్లు బకెట్టెడు బట్టలు ఉతుకుతారు. శ్రావణం, భాద్రపదాల్లో హాస్టల్ వరండాలో తాళ్ల కింద వంగి వంగి నడిచేదాన్ని, తడి జీన్సు ముఖానికి తగిలేది. ఆ వరండా కూడా ఇక్కడ లేదు. గదిలోనే ఫ్యాను కింద ఆరేస్తారు, ఏడాది తిరిగేసరికి గోడలు బూజు పడతాయి. అప్పుడు ఫ్లాటు ఓనరు పిల్లల అడ్వాన్సులోంచి పెయింటింగ్‌కి కోసుకుంటాడు.

అద్దె లెక్క పన్నెండు నెలలకీ వేశారు. వేసవి సెలవుల్లో పిల్లలు ఊళ్లకెళ్తే ఎవరిస్తారని మా తమ్ముడు అడిగితే, సంక్రాంతికి రూములు బయటివాళ్లకి ఇచ్చుకుంటే ఆ లోటు తీరిపోతుందన్నాడట బిల్డరు. నిజమే, పండక్కి ఇక్కడ లాడ్జీలో గది దొరకదు. మరి పండక్కి ఊరెళ్లిన పిల్ల పుస్తకాలు, బట్టలు మంచం మీదే ఉంటాయి కదా! కోడిపందాలకొచ్చిన ముక్కూమొహం తెలీనివాళ్లని అక్కడ పడుకోబెడతారా? నాకు అన్నిటికంటే మండింది ఈ మాటకే.

ఇంకోటి. స్థలం 500 చదరపు మీటర్లూ, ఫ్లాట్లు ఎనిమిదీ దాటితే రెరాలో (ఇళ్ల ప్రాజెక్టుల మీద ప్రభుత్వం పెట్టిన నియంత్రణ సంస్థలో) రిజిస్ట్రేషన్ అయ్యాకే ప్రచారం చేసుకోవాలి, అడ్వాన్సులు పుచ్చుకోవాలి. బ్రోచర్లో రెరా నంబరు ఉండాల్సిన చోట "అప్లై చేశాం" అని ఉంది. అద్దె గ్యారంటీ ఇచ్చేది బిల్డరు కాదు, వేరే కంపెనీ పేరు.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసిస్తే తమ్ముడు తీసుకెళ్లి ఇచ్చాడు. సంప్ 40,000 లీటర్లకి పెంచుతానని బిల్డరు వెంటనే ఒప్పుకున్నాడట. డాబాలో సగం బట్టలకి వదలడం గురించి ఆలోచిస్తానన్నాడు. మురుగు, వెనకవీధి నీళ్లు, రెరా నంబరు గురించి ఇంజనీరుతో మాట్లాడి చెప్తానన్నాడు. ఈ మూడిటికీ కాగితం మీద జవాబు వచ్చేదాకా టోకెన్ అడ్వాన్సు ఇవ్వొద్దని తమ్ముడికి చెప్పాను. వాడు సరేనన్నాడు గానీ, మరదలికి ఆ సెల్ఫీ గోడ బాగా నచ్చినట్టుంది.