పంటు వెళ్లిపోతుంది, లే అక్కా

సాయంత్రం అయిదున్నర అయ్యేసరికి మా అమ్మమ్మ మంచం దిగి చీర కుచ్చిళ్లు సర్దుకుంటుంది. "పంటు వెళ్లిపోతుంది, లే అక్కా" అంటుంది నాతో. పంటంటే గోదావరి దాటించే పెద్ద పడవ. మేముండేది కూకట్‌పల్లిలో, నాలుగో అంతస్తులో. తలుపు గడియ తీయడానికి ఆమె పెనుగులాడుతుంటే నేను రోజూ ఒకే జవాబు చెప్పేదాన్ని. "అమ్మమ్మా, ఇక్కడ గోదావరి లేదు, ఇది హైదరాబాదు, నేను నీ మనవరాల్ని." ఆ మాట వినగానే ఆమె ముఖం బడికి ఆలస్యమైన పిల్ల ముఖంలా అయిపోయేది. అయినా రెండేళ్లపాటు అదే చెప్పాను.

ఆమెకు 82 ఏళ్లు. అల్జీమర్స్ అని తేలి నాలుగేళ్లయింది. కొత్త జ్ఞాపకాలను దాచిపెట్టే హిప్పోక్యాంపస్ అనే భాగం ముందుగా దెబ్బతింటుందని డాక్టరుగారు మొదటి రోజే చెప్పారు. అందుకే పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు, పదేళ్ల వయసులో తిన్న దిబ్బరొట్టె గుర్తుంటుంది. డొనెపెజిల్ మాత్ర జబ్బును ఆపదు, లక్షణాలను కొన్నాళ్లు అదుపులో ఉంచుతుంది, అంతే. సాయంత్రాలు ఆందోళన పెరగడానికి సన్‌డౌనింగ్ అని పేరుందని కూడా ఆయనే చెప్పారు. పేరు తెలిసినంత మాత్రాన గడియ దగ్గర పెనుగులాట తగ్గలేదు. రోజూ ఇల్లు, ఇల్లు అంటున్న మనిషిని ఒక్కసారి అక్కడికే తీసుకెళ్తే కుదుటపడుతుందేమో అనిపించింది. ఇల్లంటే మోరి. అంతర్వేది వెళ్లే దారిలో, సఖినేటిపల్లి దాటాక వచ్చే మోరి. అమ్మమ్మ పుట్టిల్లు.

అమ్మ వద్దంది, మామయ్య వద్దన్నాడు. నేను డిసెంబరు రెండో వారంలో నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌కి రెండు టికెట్లు తీశాను.

ఆ రాత్రి సంగతి ఎక్కువ చెప్పలేను. మాకు మిడిల్, అప్పర్ బెర్తులు వచ్చాయి. కింద బెర్తు ఆయన అడగకుండానే లేచి తన చోటిచ్చి, "మా నాన్నగారికీ ఇంతేనండి, పోయినేడే పోయారు" అన్నారు. మన దేశంలో 60 దాటినవాళ్లలో దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని ఎక్కడో చదివినప్పుడు అది ఉత్త అంకెలానే కనిపించింది. ఆ రాత్రి ఒక్క కూపేలోనే ఇద్దరం ఆ ఇళ్ల మనుషులం. విజయవాడ దగ్గర అమ్మమ్మ లేచి దిగిపోతానంది. నా చున్నీ ఒక కొస ఆమె మణికట్టుకి, రెండో కొస నా చేతికి చుట్టుకుని తెల్లవార్లూ కింద కూర్చున్నాను.

నర్సాపురంలో దిగాక ఆటో బేరం. రేవుకి, అటు నుంచి మోరికి, మళ్లీ వెనక్కి కలిపి 1,500 అన్నాడు. సంక్రాంతి కూడా కాదు, ఇదేం రేటని గొడవపడితే 1,200కి దిగాడు. "పంటెందుకండీ, చించినాడ వంతెన మీంచి వెళ్లిపోదాం, పెద్దావిడకి సుఖం" అన్నాడు. అతని మాట నిజమే. కానీ పంటు ఎక్కించడానికేగా ఇంతదూరం తీసుకొచ్చింది! మాధవాయిపాలెం రేవుకే పోనిమ్మన్నాను.

వెళ్లేటప్పుడు ఏమీ జరగలేదు. అమ్మమ్మ ఆటోలోనే కూర్చుంది. చుట్టూ బైకులు, డీజిలు వాసన. వశిష్ఠ గోదావరి ఆమె పక్కనుంచే పోతున్నా తల తిప్పలేదు. నాకు ఏడుపొచ్చింది.

మోరిలో ఇంకా ఘోరం. అమ్మమ్మ చెప్పే పెంకుటిల్లు, చుట్టూ కొబ్బరిచెట్లు, వెనక బాదం చెట్టు, ఏవీ లేవు. ఆ స్థలంలో మూడు వాటాల డాబా ఉంది. ఆ ఇంటివాళ్లు మంచివాళ్లు, కుర్చీ వేసి కొబ్బరి బొండాం కొట్టిచ్చారు. ఊళ్లో పెద్దాయన ఒకరు వచ్చి ఇంటిపేరు చెప్పి గుర్తుచేయబోయారు. అమ్మమ్మ మర్యాదగా నవ్వి, నా చెవిలో "ఇదెవరిల్లు? ఎండ తగ్గుతోంది, ఇంటికి పోదాం" అంది. పుట్టిన నేల మీద కూర్చుని ఆ మాట అంది! నేను రోడ్డు మీదికి వచ్చి కాసేపు నిలబడ్డాను. అంతర్వేది స్వామి దర్శనం చేసుకుందామనుకున్నవాళ్లం అదీ మానేసి వెనక్కి బయల్దేరాం. చిన్నప్పుడు భీష్మ ఏకాదశి రథం చూడ్డానికి తీర్థానికి వెళ్లిన కథ ఆమె నాకు వందసార్లు చెప్పింది. ఇప్పుడు నేను తిరిగి చెప్తే కొత్త కథలా వింది.

సఖినేటిపల్లి రేవుకి వచ్చేసరికి అయిదు దాటింది. పాటు సమయం, నీరు దిగి ఒడ్డున బురద కనిపిస్తోంది. పంటు అవతల ఉంది. ఆటోలో ఉక్కగా ఉందని అమ్మమ్మని దింపి చెక్క బల్ల మీద కూర్చోబెట్టాను. అప్పుడు మొదలైంది. "వస్తోందా? పంటు వస్తోందా?" రోజూ వినే అదే గొంతు, అదే గాభరా. ఈసారి ఆ ప్రశ్నకి ఎదురుగా నిజంగా గోదావరి ఉంది. "అదిగో, వస్తోంది" అన్నాను. ఈ రెండేళ్లలో ఆమె అడిగినదానికి అవునని చెప్పడం అదే మొదటిసారి.

పంటు ఎక్కాక పక్కన నలభై ఏళ్ల ఆవిడ ఒకరు కూర్చున్నారు. సంచీలోంచి తెల్లదారం ఉండ, లేసు సూది తీసి పువ్వు అల్లుతున్నారు. ఆ వైపు ఆడవాళ్ల చేతిలో లేసు ఉండటం వింతేం కాదు. నేను ఊరికే చూస్తున్నాను. దారం ఎడమ చూపుడు వేలి మీదుగా వస్తోంది, సూది కొక్కెం లోపలికి దూరి, ఒక చిన్న మెలిక తిరిగి, దారాన్ని లాక్కుని బయటికి వస్తోంది. దూరడం, మెలిక, లాగడం. ఎక్కడో చూశాననిపించి పక్కకి తిరిగితే, అమ్మమ్మ కుడి చెయ్యి ఆమె పమిట అంచు మీద అదే చేస్తోంది. సూది లేదు, వేలు ఉంది.

ఏడాదిగా ఆమె చీర అంచుల్లో దారాలు లాగేస్తోంది. జబ్బులో అదొక లక్షణమని ఎవరో చెబితే నమ్మాను. చేతులు పక్కకి తీసేదాన్ని, విసుక్కునేదాన్ని, లాగడానికి దొరక్కుండా అంచులకి మందపు టేపు కూడా కుట్టించాను.

"మామ్మగారు లేసు కుట్టేవారాండీ?" అని ఆవిడే అడిగి, సూది, దారం అమ్మమ్మ చేతిలో పెట్టారు. నేను ఊపిరి బిగబట్టాను. అమ్మమ్మ దారాన్ని వేలికి రెండు చుట్లు చుట్టి గొలుసు వేసింది. ఒకటి, రెండు... ఏడు. ఏడో దగ్గర ఆగింది. సూది వైపు, నా వైపు చూసింది. తర్వాత ఏం చెయ్యాలో తెలియలేదు. తిరిగి ఇచ్చేస్తూ ఆవిడతో, "దారం తూచుకోండి, మేం కొంచెం కూడా తియ్యలేదు" అంది.

ఆ ఒక్క మాటతో చిన్నప్పుడు సగం నిద్రలో విన్న కథ నాకు పూర్తిగా గుర్తొచ్చింది. నర్సాపురం కొట్లో దారం తూచి ఇచ్చేవారు. అక్కాచెల్లెళ్లు మోరిలో అరుగు మీద కూర్చుని అల్లి, లేసులు మూటగట్టి, రేవు దాకా నడిచి వచ్చి పంటు మీద దాటేవారు. అప్పటి పంటంటే రెండు నావలు జతకట్టి పైన బల్లలు పరిచినది. కొట్లో లేసు మళ్లీ తూచేవారు. తూకం తగ్గితే డబ్బులు కోసేవారు. ఆఖరి పంటు తప్పితే రాత్రంతా రేవులోనే. అమ్మమ్మ గాభరాపడితే పెద్దక్క చెయ్యి పట్టుకుని కూర్చునేది. ఆ పెద్దక్క నేను పుట్టకముందే పోయింది. ఆవిడ ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. ఎలా ఉండేదో నాకు తెలీదు. అమ్మమ్మ నా వైపు చూసేటప్పుడు మాత్రం నిజంగా ఆవిడనే చూస్తోంది.

నర్సాపురం ఒడ్డు వచ్చింది. ఆటో దిగిపోయింది, బైకులు దిగిపోయాయి. అమ్మమ్మ లేవనంది. బతిమాలాను. ముఖంలో గాభరా లేదు, మొండితనం లేదు, సినిమా మధ్యలో లేపితే పిల్లలు చూసినట్టు చూసింది. ఆటో అతనికి వెయిటింగ్ ఇస్తానని చెప్పి మళ్లీ సఖినేటిపల్లికి టికెట్లు కొన్నాను. అటు వెళ్లాం, ఇటు వచ్చాం. ఇంకోసారి అటు. "మళ్లీ ఎక్కుతున్నారేంటండీ?" అన్నాడు టికెట్లు కొట్టే అబ్బాయి. ఆవిడ దిగనంటున్నారని చెబితే ఒక్క క్షణం చూసి, "ఉండనివ్వండి, మామ్మగారికి టికెట్టేంటండీ" అని వెళ్లిపోయాడు. ఆటో గంటకి 200 చొప్పున వెయిటింగ్ కట్టాను. ఆ డబ్బుల మీద మాత్రం నాకు ఏ బాధా లేదు.

ఆ గంటన్నరలో చీకటి పడింది. అమ్మమ్మ ఒక్కసారి కూడా ఇంటికి పోదామనలేదు. గాలికి పమిట ఎగురుతుంటే నా చేతికేసి చుట్టి పట్టుకుంది. నది మధ్యలో ఉండగా కొంగు ముడి విప్పి, మడిచిన టికెట్టు ముక్క ఒకటి నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. "బేడ మిగిల్చానే అక్కా. అమ్మకి చెప్పకు." నయాపైసలు వచ్చిందే 1957లో. బేడంటే రెండు అణాలు. చెప్పనన్నాను. ఒట్టు వెయ్యమంటే వేశాను.

తిరుగు ప్రయాణంలో ఆమె విజయవాడ దాకా నిద్రపోయింది. తర్వాత లేచి నన్ను "ఎవరమ్మాయివి?" అని అడిగింది. ఆ రాత్రి చున్నీ కట్టలేదు, చెయ్యే పట్టుకున్నాను. హైదరాబాదులో దిగాక రెండ్రోజులు జ్వరం. అమ్మ తిట్టింది, ఆమె కోపం న్యాయమే. తగ్గాక చీరల అంచులకి కుట్టించిన టేపులన్నీ విప్పేశాను. మా వీధి చివర కొట్లో తెల్లదారం ఉండ, లావు సూది కొన్నాను. కొన్ని రోజులు మూడు గొలుసులు వేస్తుంది, కొన్ని రోజులు ఉండ ఊరికే ఒళ్లో పెట్టుకుంటుంది.

మూడో రోజు సాయంత్రం అయిదున్నరకి మళ్లీ లేచి కుచ్చిళ్లు సర్దుకుంది.

"పంటు వెళ్లిపోతుంది, లే అక్కా."

"ఇంకా సఖినేటిపల్లి రేవులోనే ఉందే. ఆటోలు ఎక్కుతున్నాయి. కూర్చో, వస్తుంది" అన్నాను.

మంచం మీద పక్కకి జరిగి నాకు చోటిచ్చింది.