కావలి నుంచి వచ్చిన పాత రోడ్ బైక్

రోడ్ బైక్ కొంటానంటే "బైకా? ఉన్న బైక్‌కి ఏమైంది?" అంది మా ఆవిడ. రోడ్ బైక్ అంటే సైకిలేనని, వంకీ హ్యాండిల్, సన్న టైర్లు ఉంటాయని చెప్పాను. "అయితే ఉన్న సైకిల్‌కి ఏమైంది?" అంది.

దానికీ ఏమీ కాలేదు. ఆదివారం ఆదివారం మేం ఐదారుగురం నెల్లూరు నుంచి మైపాడు బీచ్‌కి తొక్కుకుంటూ పోతాం, 20 కిలోమీటర్ల పైమాటే. నాది లావు టైర్ల ఎంటీబీ, అంటే మౌంటెన్ బైక్. రొయ్యల గుంటలు మొదలై సముద్రపు గాలి ఎదురు కొట్టడం మొదలైందంటే నేను వెనకబడిపోతా. నేను చేరేసరికి వాళ్ళ టీలు అయిపోయి ఉంటాయి. కొత్త రోడ్ బైక్ కొందామంటే, నాకు నచ్చినవన్నీ 40 వేలు దాటుతున్నాయి.

అప్పుడు తెలిసినాయన ద్వారా కావలిలో ఒకటి ఉందని తెలిసింది. రిటైరయిన మాస్టారిది. కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేసేటప్పుడు కొనుక్కుని, అమెరికా వెళ్తూ ఇంట్లో పెట్టిపోయాడట. మేడ మీద గదిలో ఎనిమిదేళ్ళుగా గోడకి వేలాడుతోంది. ధర 14,000. "గేర్లు పడటం లేదు అబ్బయ్యా, మిగతాదంతా కండిషనే" అన్నారు మాస్టారు ఫోన్లో.

వెళ్ళే ముందు రాత్రి ఒక కాగితం మీద గీత గీసి రెండు వైపులా రాసుకున్నా. ఒక పక్క మార్చుకోగలిగినవి, ఇంకో పక్క మార్చలేనివి. టైర్లు, ట్యూబులు, చైన్, వెనక పళ్ళచక్రాలు, కేబుళ్ళు, బ్రేకు రబ్బర్లు, హ్యాండిల్ టేపు అన్నీ మొదటి పక్కకే పోయాయి. రెండో పక్క మిగిలినవి ఫ్రేము, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు, నా ఎత్తుకి సరిపోయే కొలత. మన కళ్ళు మాత్రం ముందు మొదటి పక్కే చూస్తాయి. చైన్ తుప్పు పట్టిందనగానే "పాడైపోయిన సైకిల్" అనేస్తాం.

మాస్టారింట్లో చూస్తే టైర్లు పగుళ్ళు బారి, చైన్ ఎర్రగా, టేపు చేతికి జిగురులా అంటుకుంటూ ఉంది. వాటి జోలికి పోకుండా సెల్‌ఫోన్ లైటు వేసి ఫ్రేము చూశా. హ్యాండిల్ కింద రెండు గొట్టాలు కలిసే చోట, పెడల్ దగ్గర అతుకుల్లో పెయింట్ కింద సన్న చీలిక ఏదైనా ఉందా అని. అల్యూమినియం ఫ్రేము పగిలితే మనూళ్ళో వెల్డింగ్‌తో అయ్యే పని కాదు. చీలిక లేదు. తర్వాత సీటు రాడ్డు. ఏళ్ళ తరబడి కదలకపోతే అది లోపలే పట్టేసుకుంటుంది, కావలిలో తగిలే ఉప్పుగాలికి ఇంకా తొందరగా. నట్టు వదులు చేసి తిప్పితే కదల్లేదు. మాస్టారు కొబ్బరినూనె తెచ్చారు. నేను వెంట తీసుకెళ్ళిన స్ప్రే కొట్టి, కాఫీ తాగి వచ్చి సీటు పట్టుకుని మెలితిప్పితే కిర్రుమని తిరిగింది. అది తిరగకపోయుంటే ఉత్త చేతులతో తిరిగొచ్చేవాణ్ణి.

రిమ్ముల పక్కలు వేలితో తడిమా. బ్రేకు రాపిడికి లోపలికి గుంటలా అరిగితే రిమ్ము పని అయిపోయినట్టే. ఇవి బానే ఉన్నాయి. చైన్‌ని స్కేలు పెట్టి కొలిచా. కొత్త చైన్‌లో పిన్ను నుంచి పిన్నుకి 12 లింకులు సరిగ్గా 12 అంగుళాలు. వడ్రంగి లెక్కలో అర నూలు, అంటే అంగుళంలో పదహారో వంతు సాగితే చైన్ మార్చాలి. ఇది ఒక నూలు సాగింది. అంటే వెనక పళ్ళు కూడా అరిగిపోయినట్టే, కొత్త చైన్ వేస్తే వాటి మీద జారుతుంది.

ఇక గేర్లు. షిమానో కంపెనీ 2300 సెట్టు, ముందు 2 పళ్ళచక్రాలు, వెనక 8. ఇప్పటి చాలా రోడ్ బైకులకి వెనకే 11, 12 ఉంటున్నాయి. ఇందులో గేరు దించడానికి బ్రేకు లీవరు పక్కన బొటనవేలితో నొక్కే మీట ఒకటి ఉంటుంది, షిమానోలో ఆ పద్ధతే తర్వాత పోయింది. ఈ గేరు మీటల్నే షిఫ్టర్లంటారు. మీట నొక్కితే లోపల ఏదీ పట్టుకోవడం లేదు. ఇలాంటివాటిలో చాలాసార్లు విరిగేదేమీ ఉండదు, లోపలి గ్రీజు గట్టిపడి జిగురైపోతుంది. అదే అయ్యుంటుందని నాకు లోపల అనిపించింది. పైకి మాత్రం "షిఫ్టర్లు మార్చాల్సొస్తే చాలా అవుతుంది మాస్టారూ" అన్నా. అబద్ధం కాదు. నిజం మొత్తమూ కాదు. 8,500కి ఒప్పుకున్నారు. రెండు చక్రాలూ క్విక్ రిలీజ్ (చేత్తోనే విప్పే మీట) తిప్పి ఊడదీసి స్నేహితుడి కారు వెనక సీట్లో పెడుతుంటే మాస్టారి భార్య "పానా లేకుండానే ఊడొచ్చాయే! దొంగలకి ఎంత సుఖం" అన్నారు. అప్పుడే గట్టి తాళం కూడా లిస్టులో చేరింది.

నెల్లూరులో మా వీధి చివర భాయ్ కొట్టు. ముప్పయ్యేళ్ళుగా పాత సైకిళ్ళకి ఓవరాయిలింగు చేస్తున్నాడు (ఓవర్‌హాలింగ్ అనే మాట మన దగ్గర ఇలాగే బతుకుతోంది, నూనె వేస్తారు గనక ఇదే సరైన పేరేమో). చుట్టూ తిరిగి చూశాడు. "మడ్‌గార్డు లేదు, స్టాండు లేదు, క్యారియర్ లేదు. ఇయన్నీ విడిగా కొనాల్నా సార్?" అన్నాడు. తర్వాత గాలి కొట్టబోయాడు. దీని ట్యూబుకి ప్రెస్టా వాల్వు, సన్నగా పొడుగ్గా, కొసన చిన్న పిన్నుతో. "యాడ కొట్టాల సార్ దీనికి?" అని బలవంతాన పంపు దూర్చితే పిన్ను వంగింది. ఎలాగూ మార్చాల్సిన ట్యూబే. 50 రూపాయల ఇత్తడి అడాప్టరు వాల్వుకి తిప్పితే కారు టైరు పంపుతోనే గాలి ఎక్కుతుంది. ఇప్పుడు ఒకటి తాళాల గుత్తికే తగిలించుకున్నా.

భాయ్‌కి బాగా వచ్చిన పని చక్రాలు. వెనక చక్రం మధ్యనుండే హబ్బులో పక్కకి తొమ్మిది పావంగుళం గోళీలు, మామూలు సైకిల్‌లో వేసేవే. పల్చటి స్పానర్ లేకపోతే పాతదాన్నే గ్రైండింగ్ మీద అరగదీసి వాడాడు. బెండు తీసి, గోళీల్ని పట్టి ఉంచే కోన్లు బిగించి ఇస్తే చక్రం చప్పుడు లేకుండా తిరిగింది. పళ్ళచక్రాల దగ్గర మాత్రం ఉలీ సుత్తీ అందుకున్నాడు. చెయ్యి పట్టుకుని ఆపా. దాని టూలు తెప్పించడానికి ఐదు రోజులు పట్టింది.

పాతది కావడంలో లాభం చైన్ దగ్గర కనిపించింది. 6, 7, 8 గేర్లకి ఒకే చైన్ సరిపోతుంది. పిల్లల గేర్ సైకిళ్ళకి వేసేది ట్రంక్ రోడ్డు వైపు కొట్లోనే 650కి దొరికింది. కేబుళ్ళు మాత్రం ఏడిపించాయి. రోడ్ బైక్ బ్రేకు వైరు కొసన ముడి బేరిపండు ఆకారంలో ఉంటుంది, ఊళ్ళో దొరికేదంతా గుండ్రటి పీపా ముడి. అవి ఆన్‌లైన్లో తెప్పించా. గేరు వైరు ఉన్నదే వేసి, దాని మీద తొడిగే గొట్టానికి బ్రేకుది వాడేశాం. నొక్కినప్పుడొకలా, వదిలినప్పుడొకలా గేర్లు పడుతుంటే రెండు రోజులు స్క్రూలు తిప్పుకుంటూ కూర్చున్నా. బ్రేకు గొట్టంలో తీగ స్ప్రింగులా చుట్టి ఉంటుంది, లాగితే కాస్త నొక్కుకుపోతుంది. గేరు గొట్టంలో తీగలు నిలువుగా ఉంటాయి, అందుకే ఆ తేడా రాదు. మార్చగానే టక్కుమని పడ్డాయి. తిరగేసి గేరు గొట్టాన్ని బ్రేకుకి వాడితే ఇంకా ప్రమాదం, గట్టిగా పట్టినప్పుడు చీలిపోవచ్చు.

షిఫ్టర్ల సంగతి నేననుకున్నదే. జిగురు కరిగే స్ప్రే కొట్టి, వందసార్లు నొక్కి, ఆరాక పల్చటి నూనె చుక్కలు వేస్తే కుడి చేతిది ప్రాణం పోసుకుంది. మొత్తం మీద టైర్లు, ట్యూబులు, కాసెట్ (వెనక పళ్ళచక్రాల సెట్టు), టూలు, భాయ్ కూలీ, తాళం కలిపి 8,400 అయింది. సైకిల్ కొన్నంత మళ్ళీ పెట్టాను. మా ఆవిడకి చెప్పింది మొదటి 8,500 ఒక్కటే.

నెల తర్వాత మాస్టారే ఫోన్ చేశారు. "గేర్లు పడతా ఉండాయా అబ్బయ్యా?" పడుతున్నాయన్నా. "ఎంతయింది వాటికి?" కాసేపు నసిగి, నూనె ఖర్చేనని చెప్పేశా. అవతల కొద్దిసేపు ఏ మాటా లేదు. తర్వాత "మా వాడికి చెప్పాలి, పారేస్తానన్నాడు" అని నవ్వారు. ఈసారి కావలి వైపు వెళ్తే సైకిల్ చూపించి రావాలి.

ఎడమ చేతి షిఫ్టరు మాత్రం ఇంకా మొండికేస్తోంది, ముందు చైన్ చిన్న చక్రానికి దిగదు. దించుకోవాల్సినంత ఎక్కుడు మైపాడు దారిలో ఎక్కడా లేదు గనక నేనూ పట్టించుకోలేదు. పోయిన ఆదివారం టీ వేడిగా ఉండగానే చేరా.