గోల్ఫ్ ముందా, మసాజ్ ముందా?

విజయనగరం నుంచి గోల్ఫ్ రిసార్టుకి వెళ్ళేవాళ్ళు ముందురోజు సాయంత్రమే చేరుకోండి, తెల్లారగానే ఆట మొదలెట్టొచ్చు. మన కోస్తాలో పొద్దెక్కితే ఉక్కపోతే. చేతులు చెమర్చి గ్రిప్ జారుతుంది. జారుతోందని క్లబ్‌ని, అంటే బంతిని కొట్టే కర్రని, బిగించి పట్టుకుంటాం, ముంజేతులు పట్టేస్తాయి, కుడిచేతి వాళ్ళకి బంతి కుడివైపుకి పోతుంది. రెండు గ్లవ్స్ ఉంచుకుని మార్చుకుంటూ ఉండండి, తడిసినదాన్ని బ్యాగుకి తగిలించి ఆరనివ్వండి. నిబంధన ప్రకారం 14 క్లబ్బుల దాకా పెట్టుకోవచ్చు, కొత్తవాళ్ళకి ఏడు చాలు. తప్పిపోయిన బంతిని వెతకడానికి 3 నిమిషాలే.

మసాజ్ మాత్రం ఆట తర్వాతే. ముందు చేయించుకుంటే సబ్బుతో కడిగినా అరచేతుల నూనె జిడ్డు పూర్తిగా వదలదు. ఆట అయ్యాక ఉప్పేసిన మజ్జిగ తాగి, గంట ఆగి స్టీమ్‌కి వెళ్ళండి, 10 నిమిషాలు చాలు. ఎండలో నడిచొచ్చిన ఒంటికి వెంటనే ఆవిరి పడితే కళ్ళు తిరుగుతాయి. మసాజ్ చేసేవాళ్ళకి నడుము దగ్గర ఎక్కువసేపు చేయమని ముందే చెప్పండి.