కన్నతల్లి పేరు రాయించడానికి మూడుసార్లు తిరిగాం

నా మనవరాలి జనన ధ్రువీకరణ పత్రం నిన్న సాయంత్రం చేతికి వచ్చింది. మా అమ్మాయికి 17 ఏళ్లు, పెళ్లి కాలేదు. నేను పలాస దగ్గర ఒక పల్లెలో అంగన్‌వాడీ కార్యకర్తను. ఇన్నేళ్లలో నా రిజిస్టరులో ఒక్క బిడ్డ పుట్టిన తేదీ కూడా తప్పు పడలేదు.

పిల్లలపై లైంగిక నేరాల చట్టం (పోక్సో) కింద కేసు నమోదైంది. శిశు సంక్షేమ కమిటీ వారు అమ్మాయితో విడిగా, నెమ్మదిగా మాట్లాడి నాకే అప్పగించారు.

నలిగిపోయింది జనన నమోదు దగ్గరే. ఆసుపత్రి పంపిన వివరాల్లో తల్లి పేరు స్పష్టంగా ఉన్నా, గుమస్తా మా అమ్మాయి ఆధార్ చూసి, వెనక నిలబడినవారందరికీ వినిపించేలా “తండ్రి పేరు లేకుండా ఎలా ఇస్తామమ్మా? పైగా తల్లి మైనరు, ఆమె సంతకం చెల్లదు” అన్నాడు. తర్వాత కాగితం నా వైపు తిప్పి, “మీ బిడ్డగానే రాయించేసుకోండి, ఏ గొడవా ఉండదు” అని కలం అందించాడు. బిడ్డను భుజాన వేసుకున్న మా అమ్మాయి చున్నీ పాలతో తడిసి ఉంది. ఆమె అక్కడ లేనట్టే అతను నాతో మాట్లాడాడు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నేను కలం అందుకున్నాను. “అమ్మా, కన్నది నేను కదా” అంది అమ్మాయి. కలం బల్ల మీద పెట్టేశాను.

రెండోసారి, ఆఫీసు బయట దరఖాస్తులు రాసే అతను 500 రూపాయలు తీసుకుని తల్లి గడిలో నా పేరే రాసి ఇచ్చాడు. అలాంటివారి దగ్గరికి దయచేసి వెళ్లకండి. శ్రీకాకుళంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. మైనరు మరో మైనరుకు సంరక్షకులుగా ఉండరాదని చెప్పే 1890 నాటి చట్టమే, 21వ సెక్షన్‌లో, సొంత బిడ్డను ఆ నిషేధం నుంచి మినహాయించిందని మాకు ఇచ్చిన న్యాయవాది చదివి వినిపించారు. బిడ్డ ఆస్తి వ్యవహారాలకు మాత్రం మైనరు తల్లి సంరక్షకురాలు కాలేదట. పెళ్లికాని తల్లి ప్రమాణపత్రం ఇస్తే తండ్రి పేరు లేకుండానే జనన ధ్రువీకరణ ఇవ్వాలని 2015లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ప్రతిని కూడా ఆమె జతచేశారు. నా కూతురికి సంరక్షకురాలిగా నేను సంతకం చేశాను, తన బిడ్డకు తల్లిగా తాను చేసింది.

మూడోసారి ఎవరూ గొంతు పెంచలేదు. తల్లి గడిలో మా అమ్మాయి పేరు ఉంది, తండ్రి గడి ఖాళీగా ఉంది. పత్రాన్ని నేను దాస్తానంటే ఇవ్వలేదు. టీకాల కార్డుతో కలిపి తన పుస్తకాల సంచిలోనే పెట్టుకుంది.